సుక్కమ్మ తప్పుగా వినలేదు

పోతులబండ చర్చిలో ఆదివారం విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు అందరికంటే ముందు లేచే గొంతు జాషువాది. పాస్టరు మొదటి మాట అనగానే ఆయన అందుకునేవాడు. మిగతా డెబ్బై ఎనభై మంది ఆయన వెంట నడిచేవాళ్లు. తండ్రి దేవుడు, కుమారుడు దేవుడు, పరిశుద్ధాత్మ దేవుడు, అయినా ముగ్గురు కాదు, ఒక్కడే. ఈ మాటలు ఆయనకు ఎనిమిదో ఏట నోటికొచ్చాయి. ముప్పై ఎనిమిదేళ్లు చెప్పాడు. ఒక్కనాడు కూడా ఆగి నేనేమంటున్నాను అని చూసుకోలేదు. నాలుకకు దారి తెలిసిపోయిన మాటకు మనసుతో పనేముంటుంది?

నార్కట్‌పల్లి నుంచి ఆటోలో అరగంట పోతే పోతులబండ. ఊరి కిందివాడలో సగం ఇండ్లు చర్చికి పోయేవి, సగం పోనివి. ఒకే ఇంట్లో అవ్వ ఎల్లమ్మకు బోనం చేస్తే మనవరాలు ఆదివారం బడికి పోవడం అక్కడ వింత కాదు. జాషువా వాళ్లది తాత కాలం నుంచి చర్చి ఇల్లే. కాగితాల్లో మాత్రం ఆయన పేరు లింగస్వామి. క్రైస్తవ పేరుంటే రిజర్వేషన్ పోతుందని బడిలో చేర్చిన నాడు నాయిన ఆ పేరు రాయించాడు. వాడలో చాలామందికి అట్లా రెండేసి పేర్లు ఉండేవి, ఎవరూ దాన్ని అబద్ధం అనుకునేవాళ్లు కాదు. ఇంటర్ దాకా చదివిన జాషువా ఊళ్లో వయోజన విద్యా కేంద్రం నడిపేవాడు. జీతం చిన్నదే కాని, అందరూ సారు అనేవాళ్లు. చర్చి సంఘానికి కార్యదర్శి కూడా ఆయనే. భార్య నిర్మలమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. కూతురు నల్లగొండలో నర్సింగు చదువుతుండేది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, పత్తి ఏరే రోజుల్లో, సుక్కమ్మ ఆ కేంద్రానికి వచ్చింది. అప్పటికామెకు నలభై దాటాయి. భర్త బావి పూడిక తీస్తుండగా గడ్డ విరిగిపడి పోయాడు. ఒక్కతే బిడ్డ, పేరు తిరుమల. తల్లి బాప్తిస్మం తీసుకోకముందు పెట్టిన పేరు, తర్వాత మార్చలేదు. సుక్కమ్మ పొద్దున పత్తి చేన్లకో బత్తాయి తోటలకో పోయి, పొద్దు వాలకముందే కేంద్రానికి వచ్చేది. వేళ్ల నిండా పత్తికాయ గీరిన గాట్లు ఉండేవి. సంతకం నేర్పిస్తానని జాషువా అంటే నవ్వింది. సంతకం పెట్టడానికి నా పేరు మీద ఏముంది సారు, నాకు దేవుని వాక్యం సదవాలని ఉంది అన్నది.

ఏడాదిన్నరలో చదివింది. అక్షరం కింద వేలు పెట్టి, ఒక్కో మాట పలికి, దాన్ని మళ్లీ కలిపి పలికి, అప్పుడు ముందుకు పోయేది. గడగడా చదివేవాళ్లకు జారిపోయేవన్నీ ఆమెకు దారికి అడ్డంగా నిలబడేవి. అట్లా 2017 ఎండాకాలంలో ఒకనాడు, మిగతా ఆడవాళ్లంతా పోయాక, ఆమె పుస్తకం మూయకుండా కూర్చుంది.

“సారు, యేసు తోటల మోకరిల్లి మొక్కిండు గద. ఎవలకు మొక్కిండు?”

“తండ్రికి.”

“తండ్రి దేవుడు. యేసు గూడ దేవుడే అంటున్నం. దేవుడు దేవునికి మొక్కుతడా?”

జాషువా తనకు తెలిసిన జవాబు చెప్పాడు. అది మర్మం, మనుషుల బుద్ధికి అందేది కాదు అన్నాడు. సుక్కమ్మ రెండు పుటలు వెనక్కి తిప్పింది.

“మర్మమైతే యేసన్న చెప్పకపోయెనా? ఆయననే అడిగిరి గద, అన్నిట్ల పెద్ద ఆజ్ఞ ఏందని. మన దేవుడు ఒక్కడే అని మొదలువెట్టిండు. ముగ్గురి ముచ్చట తియ్యలే.”

ఆమెకు సరైన సమాధానం చెప్పి పంపాలని జాషువా ఆ రోజునుంచి బైబిలు చదవడం మొదలుపెట్టాడు. తనది ఓడిపోయే పని అని ఆయనకు తెలియదు. ఉల్లిపొరల్లాంటి ఆ పుటల మధ్య కాగితం ముక్కలు పెట్టుకుంటూ రెండు నెలలు చదివాడు. ఆ ఘడియ తండ్రికి తప్ప నాకు తెలియదు అన్నవాడు, దేవుడొక్కడే మంచివాడు, నన్ను మంచివాడని ఎందుకంటావు అన్నవాడు, సమాధి దగ్గర ఏడుస్తున్న ఆడమనిషితో నా దేవుడు మీ దేవుడు కూడా అని చెప్పినవాడు – ఈ యేసును ఆయన ఇన్నేళ్లు చదివాడు గాని చూడలేదు. అటుపక్క మాటలూ లేకపోలేదు. వాక్యమే దేవుడని ఉంది, శిష్యుడొకడు నా దేవా అని పిలిచినట్టు ఉంది. వాటినీ పక్కన పెట్టుకుని తూచాడు. ప్రతి ప్రశ్నకూ చర్చిలో నేర్పిన జవాబు ఆయనకు తెలుసు. కాని ఆ జవాబులన్నీ బయటినుంచి తేవాల్సి వచ్చేది. సుక్కమ్మ ప్రశ్న ఆ పుటలోనే ఉండేది.

ఒక మధ్యాహ్నం సుక్కమ్మ జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి ఇంటికొచ్చింది. నిర్మలమ్మ చాయ్ పెట్టి ఇచ్చి మిషను దగ్గర కూర్చుంది. అప్పుడు జాషువా చెప్పాడు.

“నువ్వడిగినదాంట్ల తప్పులేదు సుక్కమ్మా. దేవుడు ఒక్కడే, ఆయన తండ్రే. యేసు ఆయన పంపిన కొడుకు, ఆయన అభిషేకించిన మనిషి. దేవుని ఆత్మ అంటే దేవుని శక్తే, ఇంకొక దేవుడు గాదు. నాకు గూడ గట్లనే కనబడుతాంది.”

ఆమె మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్లూ తనకే ఏదో తిక్క పట్టిందేమో అని భయపడ్డదట. బయట మాత్రం అనకు అని జాషువా చెప్పాడు. ఎందుకు అని ఆమె అడిగింది. సమయం రావాలి అన్నాడు. ఆమె సరే అనలేదు, కాదనీ అనలేదు. చాయ్ తాగి వెళ్లిపోయింది.

సమయం రాలేదు గాని మరుసటి ఏడు మార్చిలో విద్యా కేంద్రం మూతపడ్డది. జాషువా జీతం ఆగిపోయింది. కూతురి చదువు ఇంకా ఏడాదిన్నర ఉంది. పాస్టరు జయపాల్ అయ్యగారు తానై పిలిచి, నార్కట్‌పల్లిలో సంఘం నడిపే పిల్లల హాస్టలుకు వార్డెన్‌గా నిన్ను అనుకుంటున్నాం అని చెప్పాడు. జయపాల్ అయ్యగారు చెడ్డమనిషి కాదు. సుక్కమ్మ భర్త పోయిన నాడు శవాన్ని పైకి తీసేదాకా బావి ఒడ్డున ఎండలో నిలబడ్డవాడు ఆయనే. అయితే రెండేళ్ల కింద ఎవరో బోధకుడు వచ్చి కొత్త బోధ చెప్పి పద్నాలుగు కుటుంబాలను లాగేసుకుపోయాడు. అప్పటినుంచి అయ్యగారికి సంఘం మళ్లీ చీలుతుందేమోనని భయం.

ఆ నెలలోనే స్త్రీల ప్రార్థన కూడికలో సుక్కమ్మను ముగింపు ప్రార్థన చేయమన్నారు. ఒక్కడవైన తండ్రీ, నువ్వు పంపిన యేసు పేరున అడుగుతున్నం అని ఆమె ప్రార్థించింది. మూడు పేర్లు ఎందుకు చెప్పలేదని పక్కనున్నామె అడిగితే, దాచుకోకుండా తాను చదివింది చెప్పింది. సాయంత్రానికల్లా మాట అయ్యగారి ఇంటికి చేరింది.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు కూర్చున్నారు. ఏడుగురు మగవాళ్లు బెంచీల మీద, ఎదురుగా సుక్కమ్మ నిలబడి ఉంది. జాషువా చివర కూర్చుని తీర్మానాల పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాడు. అయ్యగారు కోప్పడలేదు. ఓపికగా వివరించాడు. నీళ్లున్నాయి, గడ్డకడితే ఐసు, మరిగితే ఆవిరి, మూడూ ఒక్కటే గదా అన్నాడు.

“ఐసు నీళ్లకు మొక్కదు గద అయ్యగారు” అన్నది సుక్కమ్మ.

ఒక పెద్దమనిషి నవ్వబోయి ఆపుకున్నాడు. ఇంకొకాయన, ఇది సాయిబుల మాటలా ఉంది అన్నాడు. అయ్యగారు ముందుకు వంగాడు. ఇవన్నీ నీకు ఎవరు నేర్పారమ్మా అని అడిగాడు. సుక్కమ్మకు ఆ ప్రశ్న కష్టంగా తోచలేదు. నీళ్లలో కాలు జారినవాళ్లు ఒడ్డు చూసినట్టు తేలికపడి జాషువా వైపు చూసింది.

“ఎవలు నేర్పలే అయ్యగారు. నేనే సదివిన. సారును అడిగిన. సారు గూడ నువ్వన్నది నిజమే అన్నడు.”

ఏడుగురూ జాషువా వైపు తిరిగారు. ఆయన చేతిలో పెన్ను ఆగింది. ఆ క్షణంలో హాస్టలు గుర్తొచ్చిందో, కూతురు గుర్తొచ్చిందో, ఆ తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా ఆయనకు తెలియలేదు. నోరు మాత్రం తెరుచుకుంది.

“నేను గట్లనలే అయ్యగారు. ఆమె తప్పుగ అర్థం జేస్కున్నది.”

సుక్కమ్మ ఆయన్ను చూసింది. కోపంతో కాదు, ఆశ్చర్యంతో కూడా కాదు. చంటిబిడ్డ నడుస్తూ పడబోతే తల్లి చూసినట్టు చూసింది. తర్వాత అయ్యగారి వైపు తిరిగింది.

“అయ్యుండొచ్చు అయ్యగారు. నాకు సదువు తక్కువ గద. సారు ఏమన్నడో నేనే తప్పుగ ఇన్నట్టున్న.”

అయితే నీ బోధ కూడా తప్పేనని ఒప్పుకో, ఇంతటితో వదిలేద్దాం అన్నాడు అయ్యగారు. ఆయన గొంతులో ఊరట వినబడింది. సుక్కమ్మ తల అడ్డంగా ఊపింది.

“తప్పుగ ఇన్ననని ఒప్పుకున్న. దేవుడు ఒక్కడే అన్నది నేను ఇన్నది గాదు. కండ్లార సదివింది. గది ఒప్పుకోను.”

ఒప్పుకునేదాకా ఆమెను రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు దూరంగా ఉంచాలని తీర్మానం అయింది. జాషువా రాశాడు. సారు మాటను సుక్కమ్మ తప్పుగా విన్నట్టు తానే ఒప్పుకున్నదని కూడా, అయ్యగారు చెబుతుంటే, గుండ్రని తన దస్తూరిలో రాశాడు. కింద ఏడుగురి సంతకాలు అయ్యాక, ఇంటికి పోయిందనుకున్న సుక్కమ్మ గుమ్మం బయట చెప్పులు వేసుకుంటూ కనబడింది.

ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుంటే నిర్మలమ్మ ఏమీ అడగలేదు. చర్చి ఆవరణలో ఆమెకు అంతా తెలిసింది. కూర వడ్డించి, గిన్నె కింద పెట్టి, “నేను గూడ ఇన్న గదా ఆ దినం. మిషను ఆపి మరీ ఇన్న” అన్నది. జాషువా తలెత్తలేదు. మే నెలలో హాస్టలు ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో నిర్మలమ్మ కూతురికి ఫీజు పంపింది. ఆ రోజు ఆమె కూడా ఆయన మొహం చూడలేదు. ఆ కొలువు పెట్టిన అన్నం ఇద్దరూ తిన్నారు.

అప్పటినుంచి జాషువాకు నడక మారింది. బస్సు దిగి ఇంటికి పోవాలంటే సుక్కమ్మ గుడిసె ముందునుంచే దగ్గరి దారి. ఆయన ట్యాంకు చుట్టూ తిరిగి, ముళ్లకంప పక్కనుంచి పోయేవాడు. ఎప్పుడన్నా ఎదురుపడితే ఆమె ఎప్పటిలాగే, బాగున్నవా సారు అనేది. తిట్టినా బాగుండు అనిపించేది. ఆదివారాలు ఆమె చర్చికి రావడం మానలేదు. వెనక కూర్చుని పాటలు పాడేది, బల్ల దగ్గరికి అందరూ లేచినప్పుడు ఒక్కతే చాప మీద ఉండిపోయేది. జాషువా ముందునుంచి విశ్వాస ప్రమాణం అందుకునేవాడు. గొంతు తగ్గిస్తే అందరికీ అనుమానం వస్తుందని ఇంకా గట్టిగా చెప్పేవాడు. నార్కట్‌పల్లిలో నలభై మంది హాస్టలు పిల్లలకు అవే మాటలు కంఠస్థం చేయించాడు. రోజూ పడుకోబోయే ముందు తాను మాత్రం ఒక్కడికే, తండ్రికే ప్రార్థించేవాడు. ఆ ప్రార్థనలో సుక్కమ్మ పేరు ఎత్తడానికి సిగ్గుపడేవాడు. మనుషుల ముందు మూడు, చీకట్లో ఒకటి. ఇట్లాంటివాడి ప్రార్థన ఎవరు వింటారు అనుకునేవాడు.

రెండేళ్లు గడిచాయి. 2020 ఫిబ్రవరిలో తిరుమల పెండ్లి కుదిరింది. పిల్లవాడు జడ్చర్లలో మందుల కంపెనీలో పనిచేస్తాడు. బల్లకు దూరంగా ఉన్నవాళ్ల ఇంటి పెండ్లి చర్చిలో జరగదని పెద్దలు చెప్పారు. సుక్కమ్మ బతిమాలలేదు. ఇంటి ముందరే పందిరి వేయించింది. ఆ సందర్భంలో ఒకనాడు జాషువా ఇంటికి వచ్చింది. రెండేళ్లలో మొదటిసారి.

ఆమె వచ్చింది శుభలేఖ రాయించుకోవడానికి. పైన ఏం పెట్టాలో అచ్చాపీసువాడికి చెప్పడం తనకు కుదరలేదట. త్రియేక దేవుని కృపవలన అని వాళ్ల దగ్గర అచ్చు సిద్ధంగా ఉందట.

“నాకు ఒక్కడైన దేవుని దయవల్ల అని ఉండాలె సారు. మాట జర ఇంపుగుండేటట్టు రాసియ్యి.”

జాషువా రాసిచ్చాడు. అంత శ్రద్ధగా ఆయన ఏదీ రాయలేదు. మూడుసార్లు కొట్టేసి, నాలుగోసారి తెల్లకాగితం మీద ఎత్తి రాశాడు. ఆమె వేలు పెట్టి చదువుకుని, మడిచి కొంగుకు ముడేసుకుంది. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, ఆ దినం నువ్వొచ్చి రెండు మాటలు వాక్యం చెప్పు సారు, చెప్పేటోళ్లు ఎవ్వలు లేరు అన్నది. వస్తాను అన్నాడు జాషువా. నిజంగానే పోదామనుకున్నాడు కూడా.

పెండ్లి నాడు పొద్దున్నే తెల్లచొక్కా వేసుకున్నాడు. పోతే అయ్యగారికి తెలుస్తుంది. వాక్యం చెబితే పోతులబండ అంతా తెలుస్తుంది. హాస్టలుకు ఎవరో తనిఖీకి వస్తున్నారని నిర్మలమ్మకు అబద్ధం చెప్పి నార్కట్‌పల్లి బస్సెక్కాడు. హాస్టలుకు కూడా పోలేదు. చౌరస్తాలో బస్సుల కోసం నిలబడే జనం మధ్య ఒక సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు. హైదరాబాద్ పోయే బస్సులు, మిర్యాలగూడ పోయే బస్సులు వచ్చాయి, పోయాయి. ఎక్కడికి పోవాలె పెద్దాయనా అని ఒక కండక్టరు అడిగితే ఏదో ఊరి పేరు చెప్పి తప్పించుకున్నాడు. రెండు సార్లు చాయ్ తాగాడు. మధ్యాహ్నం మూడు దాటాక, ఇప్పుడు పెండ్లి అయిపోయి ఉంటుంది అనుకుని లేచాడు. నిర్మలమ్మ మాత్రం పెండ్లికి పోయింది. వచ్చి ఏమీ చెప్పలేదు, ఆయన అడగలేదు.

నెల తిరిగేసరికి కరోనా వచ్చింది. హాస్టలు మూసేశారు, మళ్లీ తెరవలేదు. జాషువా ఏ కొలువు కోసం నోరు జారాడో ఆ కొలువు రెండేళ్లు కూడా నిలవలేదు. కూతురికి అప్పటికే హైదరాబాద్‌లో నర్సు ఉద్యోగం దొరికింది కాబట్టి ఇల్లు గడిచింది. మరుసటి ఏడు సుక్కమ్మ కూతురు దగ్గరికి జడ్చర్ల వెళ్లిపోయింది. గుడిసె తలుపుకు తాళం పడ్డది. జాషువా మళ్లీ దగ్గరి దారిన నడవడం మొదలుపెట్టాడు. అది గమనించుకున్న రోజు ఆయనకు అన్నం సహించలేదు.

2023 చివర్లో జయపాల్ అయ్యగారికి రిటైర్మెంటు వచ్చింది. వీడ్కోలు సభ పెట్టారు. అయ్యగారు మాట్లాడుతూ తనతో పనిచేసిన వాళ్లను ఒక్కొక్కరినే తలచుకున్నాడు. జాషువా పేరు దగ్గర ఆగాడు. ఒకప్పుడు ఈ సంఘం మీదికి తప్పుడు బోధ వచ్చింది, కార్యదర్శి పేరు కూడా అందులోకి లాగారు, ఆ రోజు జాషువా గనక అటూ ఇటూ ఊగి ఉంటే ఈ సంఘం రెండు ముక్కలయ్యేది, ఆయన స్థిరంగా నిలబడ్డాడు అన్నాడు. ముందుకు పిలిచి శాలువా కప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అయ్యగారికి నిజం తెలియదు. మనస్ఫూర్తిగానే అన్నాడు. జాషువా శాలువా కింద నిలబడి చెమటతో తడిసిపోయాడు. ఎదురుగా ఆడవాళ్ల వరుసలో నిర్మలమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

ఇప్పుడే చెప్పేయాలనుకున్నాడు. అయ్యగారి చివరి రోజు పాడుచేయడం మర్యాద కాదని మనసు సర్దిచెప్పింది. ఆయన మనసుకు అట్లాంటి సర్దుబాట్లు బాగా అలవాటయ్యాయి. మూడు ఆదివారాలు పోయాక, కొత్త పాస్టరు సాక్ష్యాలు చెప్పేవాళ్లెవరన్నా ఉన్నారా అని అడిగినప్పుడు లేచాడు.

ఆరేళ్ల కింద పెద్దల ముందు తాను అబద్ధమాడానని చెప్పాడు. సుక్కమ్మ తప్పుగా వినలేదు, ఆ మాట నేనే అన్నాను, ఇప్పటికీ నా నమ్మకం అదే, దేవుడు ఒక్కడే, తండ్రి ఒక్కడే అని చెప్పాడు. ఇకనుంచి విశ్వాస ప్రమాణం నేను చెప్పించను అన్నాడు. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఏదో విరుచుకుపడుతుందని నిలబడ్డాడు.

ఏమీ పడలేదు. కొత్త పాస్టరుకు ముప్పై ఏళ్లుంటాయి. అంకుల్ మనసు విప్పి మాట్లాడినందుకు వందనాలు, ఆయన కోసం ప్రార్థన చేద్దాం అని, తర్వాతి పాట నంబరు చెప్పాడు. బయటికొచ్చాక ఒకరిద్దరు భుజం తట్టారు. గిదంత ఎప్పటి ముచ్చట అని ఒకాయన అన్నాడు. కార్యదర్శి పదవి ఇంకొకరికి ఇచ్చారు, అది కూడా వయసు మీదపడుతుందన్న మర్యాద మాటతోనే. కొలువు లేదు పోవడానికి, ఎవరూ లేరు భయపడటానికి. ఎండిన వాగు దాటి ఈదానని చెప్పుకున్నట్టు అయింది ఆయన పని.

వాడలో అందరికంటే పెద్దది ఈదమ్మ. సుక్కమ్మ ప్రార్థన చేసిన నాడు ఆ కూడికలో ఉన్నది. చర్చి మెట్ల మీద కర్ర ఆనించుకుని కూర్చుని, జాషువా దిగుతుంటే ఆపింది.

“ఆమె ఈడ నిలబడ్డనాడు జెప్పాలె బిడ్డా. గోడలకు జెప్పినవ్ గిప్పుడు.”

రెండు రోజులకు జాషువా జడ్చర్ల బయలుదేరాడు. నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి మీదుగా మూడు బస్సులు మారి మధ్యాహ్నానికి చేరాడు. నిర్మలమ్మ ఇచ్చిన అడ్రసు పట్టుకుని కంపెనీ కార్మికులు కిరాయికుండే గదుల వరుసలో వెతికాడు. సుక్కమ్మ ఒక రేకుల కప్పు కింద కట్టెల పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేస్తోంది. కంపెనీ షిఫ్టు వదిలే వేళకు కొనుక్కుపోయేవాళ్లు వస్తారట. మనిషి చిక్కిపోయింది, మోకాళ్లు వంగడం లేదు, ఎత్తు పీట మీద కూర్చుంది. ఆయన్ను చూసి ఆశ్చర్యపోయి, లేవబోయి, లేవలేక నవ్వింది. ఇంకో పీట చూపించింది.

జాషువా దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. అవన్నీ చెప్పాడు. చర్చిలో ఒప్పుకున్న సంగతి చెప్పాడు. ఆమె వింటూనే పిండి ముద్ద తీసుకుని, తడిచేత్తో కొట్టి, పెనం మీద వేసింది.

“నాకెర్కనే సారు. నేను తప్పుగ ఇనలేదని నాకెర్క లేదా?”

“మరెందుకట్ల తప్పు మీదేస్కున్నవ్?”

“నీ చెయ్యి జూసిన. పెన్ను ఆగింది, భయపడ్డవని ఎర్కైంది. నేనెట్లయిన మునుగుతున్న. ఇద్దరు మునిగి ఏం లాభం అనుకున్న.”

రొట్టె తిప్పింది. తర్వాత పొయ్యి వైపే చూస్తూ మాట్లాడింది.

“కని నాకు కోపం రాలేదనుకోకు. బల్లకాడికి రానియ్యకున్న ఏడ్వలే. దేవుని ముంగట నాకేం బల్ల తక్కువైంది అనుకున్న. పెండ్లి నాడు ఏడ్సిన సారు. పిల్లగాని తరఫోళ్లు కూసున్నరు. వాక్యం జెప్పే సారొస్తున్నడు, వస్తున్నడు అని పదకొండు దాక ఆపిన. కుర్సీ ఏసి ఉంచిన. ఆఖరికి నేనే లేసి సదివిన. సదువుకుంట తప్పులు వోయిన. నా బిడ్డ సిగ్గువడ్డది.”

ఆరేళ్లుగా జాషువా సిగ్గుపడింది పెద్దల ముందు ఆడిన అబద్ధానికి. ఆ పాపాన్ని ఎన్ని రకాలుగా తిప్పి చూసుకున్నాడో లెక్కలేదు. సిమెంటు బెంచీ మీద కూర్చున్న రోజును మాత్రం చిన్న పిరికితనం కింద జమకట్టి మరిచిపోయాడు. క్షమాపణ అడగడానికి వచ్చి కూడా ఆ మాట ఎత్తలేదు. దేవుడు ఒక్కడా ముగ్గురా అని తనతో తాను తగువులాడుతూ, ఒక పందిట్లో ఖాళీ కుర్చీ వేసుకుని ఎదురుచూసిన మనిషిని అసలు చూడనే లేదు.

ఆ రోజు ఎక్కడున్నాడో అప్పుడు చెప్పాడు. తనిఖీ లేదని, హాస్టలుకు కూడా పోలేదని, చౌరస్తాలో కూర్చుని చాయ్ తాగానని చెప్పాడు. సుక్కమ్మ ఓదార్చలేదు. పోనీలే అని కూడా అనలేదు. అంతా విని, తల పంకించి, ఒక రొట్టె మీద పచ్చిమిర్చి తొక్కు వేసి ఆయన చేతికిచ్చింది. ఎప్పుడు తిన్నవో ఏమో, తిను అన్నది.

ఆయన తింటుండగా తిరుమల పని నుంచి వచ్చింది. ఆయన్ను గుర్తుపట్టి, నమస్తే అని ఒక్క మాట అని, లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ బయటికి రాలేదు. షిఫ్టు వదిలాక రొట్టెల కోసం జనం మూగారు. సుక్కమ్మకు చేతులు ఆడకపోతే జాషువా కాగితాల్లో చుట్టి ఇచ్చాడు. ఆఖరి బస్సుకు పోయేటప్పుడు ఆమె, ఆదివారం తాము ఐదారుగురం ఇక్కడే కూర్చుంటామని, ఒక్క దేవునికి ప్రార్థన చేసుకుంటామని చెప్పింది. రావాలనిపిస్తే రమ్మన్నది. వస్తానని ఈసారి జాషువా మాట ఇవ్వలేదు. తన మాటకు ఆమె దగ్గర విలువ ఎంతుందో ఆయనకు తెలుసు.

పోయాడు మాత్రం. ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు పోతున్నాడు. శనివారమే బయలుదేరి జడ్చర్లలో తెలిసినవాళ్ల ఇంట్లో పడుకుంటాడు. అప్పుడప్పుడు నిర్మలమ్మ కూడా వెంట వస్తుంది. అక్కడ వాక్యం సుక్కమ్మ చదువుతుంది, ఇప్పటికీ వేలు పెట్టే చదువుతుంది. కండ్లు మసకేసినప్పుడు పుస్తకం ఆయన వైపు జరుపుతుంది. ఆయన చదివి, తిరిగి ఆమె ముందు పెట్టేస్తాడు. బోధ చేయమని ఆమె అల్లుడు ఒకసారి అడిగితే వద్దన్నాడు. తిరుమల ఆయనతో అవసరమైనంతే మాట్లాడుతుంది. అంతకంటే ఎక్కువ ఆయన ఆశించడు.

మొన్న వానాకాలంలో దేవరకొండ బస్సులో పక్క సీటాయన, ఒళ్లో ఉన్న గ్రంథం చూసి, మీది ఏ చర్చి అని అడిగాడు.

“మాది చర్చేం గాదు. దేవుడు ఒక్కడే, తండ్రే దేవుడు, యేసు ఆయన పంపినోడు అని నమ్మేటోళ్లం. నలుగురైదుగురం ఉన్నం” అన్నాడు జాషువా.

ఆయన, మంచిదే అని ఫోను చూసుకోవడంలో పడ్డాడు. జాషువా కిటికీ వైపు తిరిగాడు. బత్తాయి తోటలు, బండరాళ్ల గుట్టలు వెనక్కి పోతున్నాయి. పేరు కూడా తెలియని మనిషితో ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో చూసుకుని, ఎవరూ చూడకపోయినా, తల దించుకున్నాడు.